అన్న అడక్కుండా చెప్పిన ఎత్తులు

మా అన్న చెప్పిన ఎత్తులన్నీ సరైనవే. నా కష్టమంతా అక్కడే వచ్చింది. తప్పు సలహా ఇచ్చేవాడితో వేగడం తేలిక. ఒకటి రెండుసార్లు విని మానేయవచ్చు. ప్రతిసారీ సరిగ్గా చెప్పేవాడిని, అదీ మన ఎదురు పక్షాన కూర్చుని ఆడుతూ మనకే చెప్పేవాడిని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. జకార్డు మగ్గాలు మా వీధుల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. అంచులో మామిడిపిందె కావాలన్నా, కొంగులో హంస కావాలన్నా ముందు గ్రాఫు కాగితం మీద గడి గడిగా రంగు నింపాలి. ఎరుపు నింపిన చోట జరీ పడుతుంది. పచ్చ నింపిన చోట రంగు పట్టు పడుతుంది. ఖాళీ గడి అయితే ఉత్త బట్ట. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొట్టే మనిషి వేరే ఉంటాడు. అట్టల్ని వరసగా కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో ఆ రంధ్రాలే చెబుతాయి.

నేను ఆ ఊళ్ళోనే ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మా అత్తగారిల్లు రెండు వీధుల అవతల. బడి వదిలాక అన్న ఇంటి మీదుగా పోవడం అలవాటు. ఆయన గీత బల్ల వసారాలో ఉండేది. గీత తప్పిన గ్రాఫు కాగితాలు బల్ల కింద గుట్టగా పడి ఉండేవి. వాటిని చూసి చూసి ఒక ఎండాకాలం ఆయన ఒక ఆట కల్పించాడు. దండాట అని పేరు పెట్టాడు.

ఆట ఇది. ఒక కాగితం ఒక రాజ్యం. అందులో రెండు కోటలు, ఐదు బావులు. బావి అంటే ఎర్ర గళ్ళతో గీసిన చిన్న ఉంగరం. ఆయనవి రాక్షసుల దండ్లు, ఎరుపు. నావి పాముల దండ్లు, పచ్చ. రోజుకు ఒక్కొక్కరికి ఒక్క ఎత్తు. పాత గడిలోని రంగు చెరిపేసి కొత్త గడి నింపాలి. రాక్షసులు ఒక ఎత్తులో రెండడుగులు వేస్తారు, పాములు ఒక్కటే. బయట ఎదురుపడితే గెలుపు రాక్షసులది. కానీ రాక్షసులకు దాహం ఉంది. ఐదు రోజులు నీళ్ళు ముట్టకపోతే ఎక్కడివాళ్ళక్కడ బండలైపోతారు. పాములకు ఆ బాధ లేదు. పైగా పాములున్న బావిలోకి రాక్షసుడు దిగలేడు. దండ్లన్నీ పోయినవాళ్ళు ఓడినట్టు.

"వాన లేదా?" అని మొదటి రోజే అడిగాను.

"పడితే కదా పెట్టేకి," అన్నాడు.

ఆ ఆట మేము ఏళ్ళ తరబడి ఆడాం. నేను ఒక్కసారి కూడా గెలవలేదు. అది నాకు పెద్ద బాధ కాదు. బాధ ఆయన సలహాలు.

"కోట జోలికి పోవద్దు పాపా. కోటలో ఏముండాది? రాళ్ళుండాయి. ముందు బావి పట్టుకో."

నాకు అప్పటికి ముప్పై నిండాయి. ఇద్దరు పిల్లల తల్లిని. బడిలో నన్ను చూసి తరగతి మొత్తం లేచి నిలబడేది. ఆయనకు మాత్రం పాపనే.

"పరిగెత్తేవాని ఎంట పరిగెత్తద్దు. వానికి దప్పికయితాది. నీళ్ళకు యాడికి రావల్లనో ఆడ పోయి కూచో." ఇది ఇంకొకటి. ఇది నిజం. నేను ఆయన దండు వెనక పడి పోయిన ప్రతిసారీ, ఆ దండు నన్ను ఆటంతా తిప్పి, చివరకు నేను వదిలి వచ్చిన బావిలోనే నీళ్ళు తాగేది.

"సచ్చే దండు కోసరం బతికిండే దండును పంపద్దు. నీకు ఆ గుణముండాది." ఇదీ నిజమే. అయినా ఆ రెండో వాక్యం ఎందుకు? ఎత్తు చెప్పి ఊరుకోవచ్చు కదా. ఆయన ఊరుకోడు. ప్రతి ఎత్తు వెనకా నా గుణం మీద ఒక మాట ఉండేది.

తన వంతుకు మాత్రం రెండు రోజులు, మూడు రోజులు తీసుకునేవాడు. రోజుకో ఎత్తు అన్న నియమం రాసింది ఆయనే. అడిగితే, "ఆలోచిస్తాండా" అనేవాడు, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, వీధిలోకి చూస్తూ. నా వంతు రాగానే ఆలోచన నాకు అవసరం లేదన్నట్టు వెంటనే మొదలుపెట్టేవాడు. "కుడిపక్కకు చూసినావా? మధ్య బావి చూసినావా?" డిజైన్ల కోసం వచ్చే మనుషులు వసారాలో నిలబడితే వాళ్ళతో కూడా అనేవాడు: "మా పాపకు చెప్తానే ఉండా, ఎడమ పక్కది వదిలేయమని." వాళ్ళు నావైపు జాలిగా చూసేవారు. ఆట ఏమిటో కూడా తెలియని మనిషి ఒకాయన, "పెద్దోడు చెప్తాన్నాడు కదమ్మా, విను" అని నాకు బుద్ధి చెప్పి, చీరకు అంచు డిజైను తీసుకుని పోయాడు.

ఆయన చెప్పిన ఎత్తు వేస్తే ఆ ఎత్తు ఆయనది. వేయకపోతే నష్టం నాది. మూడో దారి లేదు. నేనే ఆలోచించి పట్టుకున్న ఎత్తును సైతం, నేను నోరు తెరిచేలోపల ఆయన చెప్పేసేవాడు. "నేనూ అదే అనుకున్నా" అంటే, "అనుకుంటావులే, నిన్న చెప్తిని కదా" అని నవ్వేవాడు. నిన్న చెప్పాడా? చెప్పే ఉంటాడు. ఆయన చెప్పని ఎత్తు మిగిలితే కదా.

అందుకని నాకు కావలసింది ఒక్కటే. ఆయన నోట రాని ఎత్తుతో ఒక్క యుద్ధం గెలవాలి. ఒక్కటి చాలు. తర్వాత జన్మంతా ఓడిపోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఎనభైల మొదట్లో ఒక యుద్ధంలో ఆ అవకాశం వచ్చింది. నాకు ఒకే ఒక్క పాముల దండు మిగిలింది. ఆయనకు రాక్షసుల దండ్లు రెండు. రెండూ మధ్య బావికి దగ్గరలో ఉన్నాయి. మిగతా బావులన్నీ వాళ్ళకు ఐదు రోజుల నడకకు అవతల. నా పాములు ఆ బావికి ఒక్క అడుగు దూరంలో, పక్క గడిలో ఉన్నాయి. చూసేవాళ్ళకు నా పని అయిపోయినట్టే. పాములు బావిలోకి దిగినా, మరుసటి రోజు నా వంతు వస్తుంది. కదపడానికి నాకు వేరే దండు లేదు. పాములే బయటికి రావాలి. వస్తే రాక్షసుల చేతిలో చస్తాయి.

ఆట నియమాలు ఆయన ఒక గ్రాఫు వెనక రాసి గోడ మేకుకు తగిలించాడు. ఏళ్ళుగా అక్కడే ఉంది. ఎవరూ చదవరు. నాకు చేతికందిన కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివే అలవాటు ఉంది కాబట్టి, ఒక సాయంత్రం ఆయన ఆలోచిస్తూ కూర్చున్న సమయంలో అది చదివాను. వంతు వచ్చినప్పుడు కదిలి తీరాలని అందులో ఎక్కడా లేదు. ఒక్కో వంతులో ఒక్క ఎత్తుకు మించి వేయరాదని మాత్రమే ఉంది. మేమిద్దరం ఇన్నేళ్ళూ ప్రతి వంతుకూ ఏదో ఒకటి కదుపుతూ వచ్చాం, అంతే. నేను పాముల్ని బావిలోకి దించి, వంతు వచ్చినప్పుడల్లా ఏమీ చేయకుండా కూర్చుంటే, ఐదో రోజుకు రాక్షసులు బండలైపోతారు.

మూడు వారాలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే అన్నకు చేరుతుంది.

చెరిపి చెరిపి ఆ కాగితం అప్పటికే పాడైంది. ఒక శుక్రవారం సాయంత్రం అన్న ఆ యుద్ధాన్ని కొత్త కాగితం మీదికి ఎత్తి రాస్తూ కూర్చున్నాడు. నేను గడప దిగి చెప్పులు వేసుకుంటూ నా ఎత్తు చెప్పాను. "పాములు బావిలోకి."

"ఊ," అన్నాడు తల ఎత్తకుండా.

మరునాడు నేను వెళ్ళేసరికి కాగితం లేదు. బల్ల మీద మామిడిపిందె డిజైను ఉంది. అట్టలు కొట్టే ముసలాయన దానికోసం ఇంకా రాలేదనుకున్నాం. వదిన చెత్తతో ఊడ్చేసిందేమో అని అన్న ఆమె మీద కేకలు వేశాడు. ఆమె తిరిగి వేసింది. సరే, గుర్తున్నంతవరకు మళ్ళీ గీద్దామని కూర్చున్నాం. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప.

"పాములు బావి పక్కన ఉండె," అన్నాడు.

"బావిలో. నిన్న పోతూ చెప్పినాను. నువ్వు ఊ అన్నావు."

"నేను ఎన్నిటికో ఊ అంటా. నువ్వు చెప్పిన గుర్తు లేదు నాకు."

"నువ్వు గీసినావా లేదా?"

"గీసింటే గీసింటా. గుర్తు లేదంటి కదా."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే ఇంకా విసుగు. అబద్ధమైతే పోట్లాడవచ్చు. పాములు బావిలో లేకపోతే ముందు రోజు నా వంతు పోయినట్టే. ఆ రోజు వంతు ఆయనది, రాక్షసులు ముందు దిగుతారు. ఒక్క గడి తేడాకు నా యుద్ధం పోతుంది. ఎనిమిది రోజులు ఆ గడి గురించి వాదించుకున్నాం. మధ్యలో ఆయన రెండుసార్లు, "పోనీ నువ్వే గెలిచినావనుకో పాపా" అన్నాడు. అనుకోవడానికి అయితే ఏళ్ళ క్రితమే అనుకునేదాన్ని.

తొమ్మిదో రోజు సాయంత్రం పక్క వీధి నేత మనిషి ఒకతను గుమ్మంలోకి వచ్చాడు. అన్న డిజైన్లనే ఎక్కువగా నేసేవాడు.

"అన్నా, ఒకసారి మా ఇంటికి రా. కొత్త అట్టలెక్కించి పొద్దున్నించి నేస్తాండా. ఏం నేస్తాండానో నాకే తెలీల్యా."

"మామిడిపిందె కదప్పా."

"పిందె యాడుండాది? పువ్వు కాదు, హంస కాదు. మూలమూలనా గుంపులు గుంపులుగా ఏందో కూచోనుండాది. మా ఇంటామె చూసి చీమలంటాది."

అన్న బల్ల మీది మామిడిపిందె వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ముసలాయన వచ్చినప్పుడు అన్న టీకి పోయి ఉంటాడు. పైనున్న కాగితం తీసుకుపోయాడు.

ఇంత పొరపాటు ఎలా జరుగుతుందని బయటివాళ్ళు అడుగుతారు. మా ఊళ్ళో అడగరు. అట్టలు కొట్టేవాడు బొమ్మ చూడడు. బొమ్మ చూస్తే గడి తప్పుతుంది. కాగితం మీద ఒక చెక్క బద్ద పెట్టుకుని, బద్ద అంచున కనిపించే ఒక్క వరసే చదివి, ఆ అట్టకు రంధ్రాలు కొట్టి, బద్ద ఒక గడి జరుపుతాడు. ఆ ముసలాయన అలా జీవితమంతా హంసలూ నెమళ్ళూ కొట్టాడు గానీ ఒక్క హంసనైనా నిండుగా చూశాడో లేదో. రాక్షసులైతే ఏమి, పాములైతే ఏమి. ఎరుపు, పచ్చ. పని అయ్యాక డిజైను ఇంకొకరి చేతిలో పడకుండా గ్రాఫును చింపి పొయ్యిలో వేస్తాడు. అదీ కట్టుబాటే. కాగితం ఇక లేదు.

మేము మగ్గం దగ్గరికి పోయాం. నేసేటప్పుడు బట్ట మొహం కిందికి ఉంటుంది. నేత మనిషి మగ్గం కింది గుంతలోకి దిగి, బట్ట కింద చేతి అద్దం పట్టాడు. అందులో మా యుద్ధం కనిపించింది. దక్షిణపు కోట, దాని పక్క రెండు బావులు, పైకి వస్తే మధ్య బావి ఉంగరం అడుగు భాగం. జకార్డులో ఒకే బొమ్మ అడ్డంగా మళ్ళీ మళ్ళీ పడుతుంది కాబట్టి కొంగు వెడల్పునా పక్కపక్కనే నాలుగు యుద్ధాలు ఉన్నాయి, నాలుగూ ఒకటే.

అన్న మోకాళ్ళ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. "జరీలో కోట భలే వచ్చినాది పాపా."

నేను ఉంగరం చూశాను. దాని అడుగు అంచు పడింది. లోపలి గళ్ళ వరసలు ఇంకా పడలేదు. పాములు బావిలో ఉన్నాయో పక్కన ఉన్నాయో తేల్చే వరసలు అవే.

"ఇంకో నాలుగు వరసలు నేయప్పా," అన్నాను నేత మనిషితో.

"ఏందక్కా? ఇదంతా ఇప్పల్ల నేను. ఇప్పేకి మళ్ళా నేయాల్నా? యాడన్నా ఉండాదా?"

"నాలుగే."

"జరీ ఒకసారి ఇప్పితే మళ్ళా పనికి రాదక్కా. పట్టు పేలికలయిపోతాది."

"వద్దులే పాపా," అన్నాడు అన్న. "తప్పు మనది. నువ్వు గెలిచినావనే రాసుకుందాం."

"నాకు రాసుకునేది వద్దు. చూడల్ల."

నా గొంతు కొంచెం లేచినట్టుంది. మూల రాట్నం దగ్గర పట్టు చుడుతున్న అతని భార్య చెయ్యి ఆపింది. "నేయరాదా? ఆయమ్మ ఇన్నేండ్లలో నిన్ను ఎప్పుడన్నా ఏమన్నా అడిగినాదా?" అంది మొగుడితో. "పొద్దున్నించి జానెడు చీమల్ని నేస్తివి. ఇంకో నాలుగు చీమలు నేస్తే యేళ్ళు ఇరిగిపోతాయా?"

అతను గొణుగుతూ తొక్కుడుచెక్క తొక్కాడు. పైన అట్ట తిరిగింది. ఒక వరస. ఇంకో వరస. మూడో వరసలో పచ్చ పోగు అందించాల్సి వచ్చింది. నాలుగూ అయ్యాక అన్న అద్దం తీసుకుని తనే కింద పట్టాడు. నాలుగు ఉంగరాలలోనూ, లోపల, పచ్చగా ఉంది.

"ఉండాయి పాపా," అన్నాడు. "బావిలోనే ఉండాయి. నువ్వు చెప్పింది నిజమే."

ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. ఒక్క క్షణమే.

ఆయన ఇంకా అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. "ఇంక వాటిని కదిలించద్దు," అన్నాడు నెమ్మదిగా. "నీ వంతు వచ్చినా ఊరికే ఉండు. కదలల్లని నేను యాడా రాయలేదు. ఐదు దినాలకు నా వాళ్ళు బండలయిపోతారు. విన్నావా? ఊరికే ఉండల్ల."

"భలే ఎత్తన్నా!" అన్నాడు నేత మనిషి గుంతలోనుంచి. "నీకు నువ్వే ఓడిపోయేది చెప్తాండావే!"

"మా పాప కదప్పా," అన్నాడు మా అన్న.

నేను మూడు వారాలు దాచుకున్న ఎత్తు అది. అప్పుడు "నాకు తెలుసు" అని ఉండవచ్చు. అక్కడున్న ముగ్గురిలో ఒక్కరూ నమ్మి ఉండేవాళ్ళు కాదు. ఆయన, "అనుకుంటావులే" అని ఉండేవాడు. నేత మనిషి కత్తెర తీసుకుని యుద్ధాన్ని విప్పడం మొదలుపెట్టాడు.

మరునాడు కొత్త కాగితం మీద నేను పాముల్ని బావిలోనుంచి బయటికి తీశాను. అన్న పెన్సిల్ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"చెప్తిని కదా పాపా?"

"నా వంతు నాది," అన్నాను.

ఆయన కావాలని బావిలోకి దిగకుండా ఉంటాడేమోనని భయపడ్డాను. కానీ ఆటలో ఆయన ఎప్పుడూ మోసం చేయలేదు, జాలితో కూడా. రాక్షసులు నీళ్ళు తాగారు. నాలుగో రోజుకు నా పాములు అయిపోయాయి. ఆయన గెలుపుకు సంతోషించలేదు. నిజంగా బాధపడ్డాడు. తర్వాత రెండు నెలలు, చింపిన గ్రాఫు ముక్కలు జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చి, ఊరికే ఉండటం ఎందుకు సరైనదో గీసి గీసి వివరించాడు. "ఇది బావి. ఇవి నీ పాములు. ఒకటో దినం. రెండో దినం." మా ఆయన పక్కన కూర్చుని, "మీ అన్నకు ఎంత ఓపిక" అనేవాడు. నేను వినేదాన్ని. నాకు ముందే తెలుసని ఒక్కసారి కూడా అనలేదు. చెప్పడానికి తర్వాత చాలా ఏళ్ళు ఉన్నాయనుకున్నాను. అలా ఎందుకు అనుకున్నానో నాకు తెలియదు. చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తెలియాలి.

ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం అన్న గీత బల్ల మీద తల వాల్చాడు. వదిన నిద్రపోయాడనుకుంది. పదకొండో రోజు వచ్చినవాళ్ళు ఆయన గీసిన హంసల గురించి మాట్లాడారు, దండాట గురించి కూడా మాట్లాడారు. నేత మనిషి అందరికీ మగ్గం దగ్గర జరిగింది చెప్పాడు. "ఎట్ల ఆడల్లనో ఆయన చెప్పె. ఆయమ్మ వినకపాయె." అందరూ నా వైపు చూశారు. జాలిగానే.

ఆ మరుసటి వేసవి సెలవుల్లో ఆయన కొడుకు మా ఇంటికి వచ్చాడు. అనంతపురంలో కాలేజీలో చదువుతున్నాడు. హాస్టల్లో వాళ్ళు దండాట ఆడుతున్నారట. కొత్త నోటుబుక్కు తెచ్చాడు.

"అత్తా, నాయన చెప్పే ఎత్తులన్నీ నీకే తెలుసంట. చెప్పు, రాసుకుంటా."

చెప్పాను. బావి ముందు, కోట తర్వాత. పరిగెత్తేవాడి వెంట పోవద్దు. చచ్చే దండుకోసం బతికున్నదాన్ని పంపొద్దు. గుణం గురించిన మాటలు వదిలేశాను. మా అన్న గొంతు లేకుండా చెబితే ఆ ఎత్తులు ఎంత చిన్నవిగా ఉన్నాయో నాకే ఆశ్చర్యం వేసింది. వాడు నంబర్లు వేసి రాసుకున్నాడు. ఆరు అయ్యాయి.

"వంతు వచ్చినంత మాత్రాన కదలాలని లేదు," అన్నాను చివరికి. "కొన్నిసార్లు ఊరికే ఉండటమే ఎత్తు."

"ఇది తెలుసత్తా. నాయన మగ్గం కాడ చెప్పింది కదా."

"కాదు. అది నాది. మీ నాయన చెప్పకముందు మూడు వారాల నుంచీ నాకు తెలుసు."

మొదటిసారి పైకి అన్నాను. వాడు నన్ను చూశాడు. వాళ్ళ నాయన లాగే తల ఒక పక్కకు వంచి చూశాడు.

"తెలిసింటే మళ్ళా ఎందుకు కదిలిస్తివి? గెలిచే ఆట కదత్తా."

"ఆయన చెప్పేసినాడు కాబట్టి."

వాడు పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించాడు. అది ఎలా రాయాలో తోచినట్టు లేదు. తర్వాత ఊరికే ఉండే ఎత్తును ఏడో నంబరు వేసి, వాళ్ళ నాయనవాటి కిందే రాసుకున్నాడు.